కురువిందము: సాన నుండి యంత్రమునకు

ఖమ్మము దాటి భద్రాచలము వైపు సాగు బాటసారికి గోదావరి వరకు అడవి అంచు తోడు వచ్చును. ఈ నేలలో బొగ్గు కలదని అందరు నెరుగుదురు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున దానిని గుర్తించెను. బొగ్గునకు దక్కిన ప్రఖ్యాతి ఇక్కడి రెండు రాళ్లకు దక్కలేదు. ఒకటి కొత్తగూడెము సమీపమున గరీబుపేట కొండవద్ద దొరకు ఎర్రని గార్నెట్టు. రెండవది ఖమ్మము సీమలో లభించు కురువిందము. వాటి కథ రాతితో ముగియక, నేటి యంత్రముల అరుగుదల వరకు సాగినది. దానినే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

పుదుచ్చేరి చెంత అరికమేడు అను ప్రాచీన రేవు కలదు. అచట దొరికిన గార్నెట్టు పూసలను పరీక్షించిన పండితులు, వాటి రాయి గరీబుపేటదేయని 2017లో ప్రకటించిరి. మన అడవి అంచు రాయి వందల మైళ్లు నడచి సముద్రపు టొడ్డున పూసయై మెరసినదన్నమాట.

రాయికి మెరుపు రావలెనన్న దానికంటె గట్టిదానితో ఒరయవలెను. 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కూర్చిన పట్టికలో వజ్రమునకు 10, కురువిందమునకు 9 అంకెలు. గార్నెట్టు 7కు అటునిటుగా నుండును. మన సానపనివారు కురువిందపు పొడిని లక్కలో కలిపి సానచక్రమును పోసెడివారు. మెత్తని లక్క పట్టి ఉంచును, గట్టి రేణువు కోయును. 1798లో చార్లెస్ గ్రెవిల్ ఈ రాతిని గూర్చి లండను రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. ఇంగ్లీషువారి ‘కోరండం’ మన దేశపు మాటయే.

ఈ కురువిందము అల్యూమినియము, ప్రాణవాయువుల కలయిక. అల్యూమినియము ఇనుము బరువులో మూడవవంతు మాత్రమే తూగును. కాని మెత్తన, త్వరగా అరుగును. 1886లో హాల్, హెరూ అను ఇరువురు వేర్వేరుగా దానిని చవుకగా తీయు మార్గము కనుగొనిరి. పిమ్మట ఇంజనీర్లకు సానపనివాని యుక్తియే తోచినది: మెత్తని లోహములో పింగాణి జాతికి చెందిన గట్టి పదార్థమును కలిపిన నేమగును? 1983లో జపానునందలి టయోటావారు డీజిలు ఇంజను పిస్టనులో రింగు కూర్చుండు గాడిని సిరామిక్ నారలతో బలపరచిరి. 1996లో లోటస్ ఎలీస్ కారునకు సిలికాన్ కార్బైడు కలిపిన అల్యూమినియపు బ్రేకు పళ్లెములు అమర్చబడినవి.

అయినను ఇందొక చిక్కు కలదు. 1953లో ఆర్చర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రము ప్రకారము, అరుగుదల బరువుతోను, ఒరసిన దూరముతోను పెరుగును, గట్టితనముతో తగ్గును. ప్రయోగశాలలో తిరుగుచున్న ఉక్కు పళ్లెముపై చిన్న కడ్డీని అదిమి, పిదప తూచి, ఎంత తరిగినదో చూతురు. బరువు తక్కువైనపుడు గట్టి రేణువులే భారము మోసి మెత్తని లోహమును కాపాడును. బరువు హద్దు మీరెనా, రేణువులు పగిలి ఊడిపోవును. ఊడిన రేణువు రెండు తలముల నడుమ చిక్కి సానపొడియై రెంటిని కోయును. ఊడకున్నను ఎదుటి ఉక్కును ఒరసి అరగదీయవచ్చును. కనుక గట్టిదనము మాత్రమే చాలదు, పట్టు కావలెను. కరిగిన అల్యూమినియము ఈ రేణువులను సులభముగా తడుపదు; అందుచే కొద్దిగా మెగ్నీషియము చేర్చుదురు.

ఈ కథ తిరిగి మన అడవి అంచునకే వచ్చును. 1966లో పాల్వంచలో విద్యుత్కేంద్రము నడక సాగించినది. బొగ్గు కాలగా మిగులు సన్నని బూడిదలో సిలికా, అల్యూమినా ముఖ్యమైనవి. బూడిదను అల్యూమినియములో కలుపు ప్రయత్నమునకు భారతదేశమున జన్మించిన ప్రదీప్ రోహత్గీ వంటివారు దారి చూపిరి. బూడిద గుట్టలన్నియు యంత్రములలో కరగిపోవునని మేము చెప్పజాలము. కాని గుట్టల ప్రక్కన బ్రదుకు పల్లెలకు, వాటిలో కొంతయైనను పనికివచ్చునన్నది చిన్న మాట కాదు.

సానచక్రమున రేణువు ఎదుటిదానిని అరగదీయును. యంత్రమున అదియే తన్ను మోయు లోహమును కాపాడును. రేణువు ఒక్కటే, పట్టి ఉంచినది ఎంత గట్టిగా పట్టినదన్నదే భేదము.