సీజర్ పడిన చోట పిల్లులు

రోమ్ నడిబొడ్డున, రోడ్డుకంటే బాగా దిగువన, నాలుగు పాతగుళ్ళ శిథిలాలున్నాయి. వాటి వెనకే క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ని పొడిచి చంపారు. 1929లో తవ్వకాలు పూర్తయ్యాక దిక్కులేని పిల్లులు అక్కడ కాపురం పెట్టాయి. సంచుల్లో తిండి మోసుకొచ్చిన ఆడవాళ్ళని ఊరు ‘గత్తారె’ అంది. పిల్లులమ్మలన్నమాట! వెక్కిరింతే లెండి. గోడమీది పిల్లికి పాలు పోసినందుకు మా వీధి నాకూ ఓ పేరు పెట్టింది.

1991లో ఇటలీ చట్టం వాళ్ళ పక్షాన మాట్లాడింది: వీధిపిల్లుల్ని హింసించకూడదు, ఆపరేషను చేయించి వాటి చోటికే వదలాలి. తర్వాత రెండుమూడేళ్ళకి ఆ శిథిలాల్లోనే ఆడవాళ్ళు శరణాలయం నడపసాగారు. జబ్బువాటికి మందు, మచ్చికైనవాటికి పెంచుకునే ఇల్లు. మచ్చిక కానివి మళ్ళీ రాళ్ళమధ్యకే. 2012లో పురావస్తుశాఖ ఖాళీ చేయమంది. వాళ్ళు కదల్లేదు. 2023లో యాత్రికుల కోసం నడకదారి వేశారు. టికెట్టు మనుషులకు మాత్రమే.