మన సీమ విహారములు, మఠములు: వాని జీవనాధారము

వికారాబాదు చెంత ననంతగిరి కొండలలోఁ బుట్టి తూర్పునకుఁ బ్రవహించు మూసీనదిని మన మెల్లర మెఱుఁగుదుము. ఆ నదియొడ్డుననే, హైదరాబాదున చైతన్యపురి యొద్ద, గోవిందరాజ విహారమును బేర్కొను ప్రాకృత శాసనము బండపైఁ గలదు. భిక్షమెత్తి బ్రదుకువారికి విహార మేల? ఆ విహారమునకు బియ్య మెటనుండి వచ్చెను? ఈ విషయమునే మే మిచటఁ గొంత విచారింతుము.

నల్లగొండ సీమలోని తుమ్మలగూడెమున దొరకిన విష్ణుకుండినుల తామ్రశాసనములు దీనికి సమాధాన మొసఁగుచున్నవి. తన దేవి పరమమహాదేవి కట్టించిన విహారమునకు గోవిందవర్మ రెండూళ్ల నిచ్చెను. శకము 488, అనఁగా క్రీ. శ. 566లో, విక్రమేంద్రవర్మ మఱియొక యూరి నిచ్చెను. ఊరి నిచ్చుట యనఁగా సాధారణముగా రాజునకు రావలసిన పన్ను విహారమునకుఁ జెందుట; కాఁపులు యథాప్రకారము దున్నుచునే యుండిరి. దాత పేరు నిలిచెను, విహారము నిలిచెను. నాఁగలి పట్టినవానిని రాగిఱేకు తలఁపదు. ఆ కాలముననే సౌరాష్ట్రమున వలభీ మైత్రకులును భిక్షువుల వస్త్రములకు, అన్నమునకు, శయనాసనములకు, రోగుల మందులకు గ్రామము లిచ్చిరి.

తాండూరు సీమఁ బాఱు కాగ్నానది రాష్ట్రకూటుల మాన్యఖేటమును దాఁకును. ఆ వైపు జైనబసదులకును భూదానములే యాధారము. ఆ ముచ్చట వేఱొక వ్యాసమునకుఁ దగును.

శైవమఠముల లెక్క లింకను స్పష్టములు. క్రీ. శ. 1261 నాఁటి మల్కాపుర శాసనముఁ జూడుఁడు. కాకతి రుద్రమదేవి తన తండ్రి గణపతిదేవుని మాట నిలిపి, గోళకీమఠ గురువగు విశ్వేశ్వర శివాచార్యునకుఁ గృష్ణాతీరమున మందడమును, నేఁడు ఆంధ్రప్రదేశ సచివాలయ మున్న వెలగపూడిని ధారపోసెను. ఆచార్యుఁడు ద్రావిడదేశపు బ్రాహ్మణ కుటుంబములకు 60కి భూము లిచ్చి, మిగిలినదానిని మూఁడు పాళ్లు చేసెను: దేవళమున కొకటి, మఠమునకును విద్యార్థుల భోజనమునకును నొకటి, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రములకు నొకటి. వేదములకు ముగ్గురు, శాస్త్రసాహిత్యాగమములకు నైదుగు రుపాధ్యాయులు, ఒక వైద్యుఁడు, లెక్కలు వ్రాయుట కొక కాయస్థుఁడు. ఈ కాయస్థునిఁ జూచి మేము మిగుల సంతసించితిమి. విద్యార్థి వసతిగృహములకు విరాళములిచ్చు మన దాతలు నట్లే సంతసింతురుగాక. కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి మున్నగు పనివారికిని జీవికఁ గల్పించిరి. సత్రమున నన్నము మాత్రము బ్రాహ్మణులు మొదలు చండాలుర వఱకు వచ్చినవారి కెల్లరకు నెడతెగక పెట్టవలయునని యాచార్యుఁడు రాతిపైఁ జెక్కించెను.