వీరగల్లును విశ్వవిద్యాలయమును

తెలుగుదేశపు గ్రామసీమలయందుఁ గానవచ్చు వీరగల్లులు మన పూర్వుల కృతజ్ఞతాశాసనములు. క్రిందిభాగమున వీరుఁడు పోరాడుచుండును. మీఁదిభాగమున అప్సరస లాతనిని స్వర్గమునకుఁ గొనిపోవుచుందురు. అక్షరములున్న శిలలయం దాతని పేరును, పడిన కారణమును సంగ్రహముగాఁ జెప్పఁబడియుండును. పసుల మరలించుటలోఁ బడెనా, ఊరిని రక్షించుటలోఁ బడెనా యను విషయమును లేఖకుఁడు విడువఁడు. పొగడ్తకంటె వృత్తాంతము ముందు నిలుచుట యీ శిలల ధర్మము. నేఁటి సైనికుల ఋణము దీర్చుటకును ఇదియే తగిన మార్గమని నా యభిప్రాయము. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఇందుల కుదాహరణముగాఁ గైకొందును.

విశ్వవిద్యాలయమున కానుకొనియున్న తార్నాక పేరునకుఁ దీఁగకంచెగల కావలిచోటని యర్థము చెప్పుదురు. అటనుండి లోనికిఁ బోయినచో 1939 డిసెంబరు 4వ తేదిని ప్రారంభింపఁబడిన ఆర్ట్సు కళాశాలాభవనము కానవచ్చును. విశ్వవిద్యాలయము స్థాపితమైనది 1918లో. ఆ యేఁడే సెప్టెంబరు 23వ తేదిని భారతీయాశ్వికులు తురుష్కులనుండి హైఫా పట్టణమును గైకొనిరి. హైదరాబాదు, మైసూరు, జోధపుర సంస్థానముల దళములు ఆ యశ్వికసేనలో నుండెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమందలి మూఁడు విగ్రహములును ఆ మూఁడు దళములకు గుర్తులు. కావున హైదరాబాదువారును హైఫాపై గుఱ్ఱములను దుమికించిరని తలఁచుట సహజము. అది సరికాదు. నాఁటి దాడి జోధపుర మైసూరు దళములది. హైదరాబాదువారు బందీలను గొనిపోవు పనియందు నియుక్తులైరి. ఇట్లు చెప్పుట వారిని దక్కువచేయుట కాదు. బందీలను గాచుటయు సైనికధర్మమే. చేయని పనికిఁ బొగడుట చేసిన పనిని మఱచుటయే యగును.

చేసిన పని స్పష్టముగాఁ దెలిసినచోట అతిశయోక్తి యక్కఱలేదు. ఈ విశ్వవిద్యాలయ పట్టభద్రుఁడైన మేజరు పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్సు 2వ పటాలమువాఁడు. కార్గిలు యుద్ధమున 1999 జూను 28వ తేదిని, ద్రాసు ప్రాంతమున దుర్గమమైన యొక శత్రుస్థావరమును బట్టుట కాతఁడు నియోగింపఁబడెను. ముందు నడచిన దళముపై ఫిరంగిగుండ్లు పడి పలువురు కూలఁగా, వెనుక నిలిపియుంచిన దళమును దానే నడపుకొని నిటారైన కొండనెక్కెను. గాయపడి కదలలేనివాఁడైనను, తన్ను విడిచి శత్రువులపైఁ బడుఁడని తనవారి కాజ్ఞాపించి, తాను కాల్పు లాపఁడయ్యెను. స్థావరము వశమయ్యెను; ఆతఁడు దివంగతుఁడయ్యెను. మరణానంతర మాతనికి మహావీరచక్ర మీయఁబడెను.

యుద్ధభూమినుండి యాతఁడు తండ్రికి వ్రాసిన లేఖ యొకటి ప్రకటితమైనది. గర్భవతియైన తన భార్యకు దినమున కొక భారతకథ చెప్పవలసినదిగా నందుఁ గోరెను. పుట్టఁబోవు బిడ్డకు సద్గుణము లలవడవలెనని యాతని తలంపు. ఆ శిశువు తండ్రి మరణించిన పిదప జన్మించినది.

తల్లిగర్భమున నుండియే వ్యూహరహస్యమును వినిన యభిమన్యుని కథను మన పండితులు బాలురకుఁ జెప్పుచునే యున్నారు. ఆ పాఠము చెప్పునాఁడు ఈ లేఖ వృత్తాంతమును గూడఁ జెప్పుదురుగాక. పేరును, తేదియు, చేసిన పనియు తప్పుగాకుండఁ జెప్పినఁ జాలును. శిల లేకున్నను అది వీరగల్లే.