కుందేలు రోగి అయిన చరిత్ర

ఒక ఆపరేషన్ ఎప్పుడు పూర్తయినట్టు? డాక్టరు చివరి కుట్టు వేసి దారం కత్తిరించినప్పుడు అని మీలో చాలామంది జవాబు చెబుతారు. కుందేలు విషయంలో ఆ జవాబు సరిపోదు. 2002 నుంచి 2004 వరకు బ్రిటన్‌లోని 117 పశువైద్యశాలల్లో మత్తుమందు ఇచ్చిన జంతువుల వివరాలను సేకరించారు. వాటి ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మత్తు ఇచ్చిన 48 గంటల్లోపు ఆ కారణంగా మరణించినవి కుక్కల్లో నూటికి 0.17, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39. అంటే కుక్క కంటే కుందేలుకు ప్రమాదం సుమారు ఎనిమిది రెట్లు. ఇంకో సంగతి చూడండి. చనిపోయిన కుందేళ్ళలో నూటికి 64 ఆపరేషన్ జరుగుతుండగా కాక, అది ముగిసిన తర్వాతే చనిపోయాయి.

కుందేలును వైద్యులు ఎరగనివారా? కానే కాదు. వందేళ్ళకు పైగా ప్రయోగశాలల్లో కుందేలు లేని రోజు లేదు. దాని రక్తం, కన్ను, అండాశయం, పేగు, అన్నిటినీ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అయితే చాలాకాలం అది వారికి ఒక పనిముట్టు. ప్రయోగం అయిపోతే దాని అవసరమూ తీరిపోయేది. బతికించి ఇంటికి పంపవలసిన రోగిగా దాన్ని చూడటం ఆలస్యంగా మొదలైంది. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఆ మార్పు చరిత్రనే. ఆపరేషన్ చేయించిన ఆడ కుందేలును మీ ఇంటికి తెచ్చుకుంటే, ఆ చరిత్రలో ప్రతి మలుపూ మీకు ఒక జాగ్రత్తను నేర్పుతుంది.

హైదరాబాదులో ఊపిరి లెక్క

మన గడ్డ మీద జరిగిన ఘట్టంతో మొదలుపెడదాం. 1846లో బోస్టన్‌లో ఈథర్, 1847లో ఎడింబరోలో క్లోరోఫాం శస్త్రచికిత్సకు వాడుకలోకి వచ్చాయి. క్లోరోఫాం నొప్పిని పోగొట్టింది కాని, కొందరు రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? వైద్యులు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి వైపు నిలిచాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించగా, 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, 1889లో రెండవది పనిచేశాయి. రెండవ కమిషన్‌లో పాల్గొనడానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, మత్తుమందు ఇవ్వడంలో పేరు పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ కాలం వారే.

వందలాది కుక్కల మీద, మరికొన్ని జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని కమిషన్ తేల్చింది. నాడి పట్టుకుని కూర్చోవడం కాదు, శ్వాసను గమనించండి అని చెప్పింది. ఆ సలహా మంచిదే, కాని తీర్పు సగమే నిజం. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. హైదరాబాదు ప్రయోగాల్లో అడిగిన ప్రశ్న మరణం ఎలా వస్తుందని. చాలా ప్రయోగాలు జంతువు మరణంతోనే ముగిసేవి. మత్తు దిగిన జంతువు మర్నాడు ఎలా ఉంది, మేత ముట్టిందా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

అండాశయం చెప్పిన రహస్యాలు

ఆడ కుందేలులో నిర్ణీత రోజులకు అండం విడుదల కాదు. మగదానితో జత కట్టిన తర్వాత సుమారు పది గంటలకు విడుదలవుతుంది. ఈ ప్రత్యేకత వల్ల పునరుత్పత్తి శాస్త్రానికి కుందేలు ఎంతో అనువుగా దొరికింది. ఒక కుందేలు పిండాన్ని మరో కుందేలు గర్భంలో పెట్టి పిల్లలు పుట్టించిన తొలి ప్రయోగం 1890లో వాల్టర్ హీప్ చేశాడు. 1931లో మారిస్ ఫ్రీడ్‌మన్ గర్భనిర్ధారణకు ఒక పరీక్ష కనిపెట్టాడు. స్త్రీ మూత్రాన్ని ఆడ కుందేలుకు సూది ద్వారా ఎక్కించి, తర్వాత దాని అండాశయాలను పరిశీలించేవారు. అండం విడుదలైన గుర్తులు ఉంటే ఆమె గర్భవతి. ఫలితం అవునైనా కాదైనా, అండాశయాలను చూడడానికి సాధారణంగా కుందేలును చంపేవారు. 1944 తర్వాత సౌందర్య సాధనాలు, రసాయనాలు కంటికి హాని చేస్తాయో లేదో తెలుసుకోవడానికి కుందేలు కంట్లోనే వేసి చూసే డ్రైజ్ పరీక్ష వాడుకలోకి వచ్చింది.

ఈ ప్రయోగశాలల నుంచే కుందేలుకు పనికొచ్చే ఒక విషయం కూడా బయటపడింది. అమెరికాలో హ్యారీ గ్రీన్ 1938 నుంచి, పెంచిన కుందేళ్ళ గర్భాశయంలో వచ్చే కణితుల గురించి వరుసగా వ్యాసాలు ప్రచురించాడు. క్షయవ్యాధి పరిశోధన కోసం ఫిప్స్ సంస్థ పెంచిన కుందేళ్ళ గుంపులో గర్భాశయ క్యాన్సర్ వివరాలు 1964లో వెలువడ్డాయి. వయసు పెరిగే కొద్దీ ఈ వ్యాధి బాగా పెరుగుతుంది. కొన్ని జాతుల్లో నాలుగేళ్ళు దాటిన ఆడ కుందేళ్ళలో సగానికి పైగా దీని బారిన పడినట్టు పరిశోధకులు గుర్తించారు. గర్భాశయాన్ని, అండాశయాలను ముందుగానే తొలగిస్తే ఈ ముప్పు ఉండదు. పిల్లల సంఖ్య అదుపులో ఉండటం రెండో లాభం. పెంపుడు ఆడ కుందేలుకు పశువైద్యులు ఈ ఆపరేషన్ చేయించమనేది అందుకే.

పేగు నడిస్తేనే ప్రాణం

అయితే ఆపరేషన్ తర్వాత కుందేలు ఎందుకంత త్వరగా క్షీణిస్తుంది? జవాబు దాని పేగులో ఉంది. పెద్ద పేగు మొదట్లో అంధనాళం అనే పెద్ద సంచి ఉంటుంది. అందులో కోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెడతాయి. అక్కడ తయారైన మెత్తని, జిగట పెంటికలను కుందేలు నేరుగా మలద్వారం నుంచే నోటితో అందుకుని మింగుతుంది. మనం నేల మీద చూసే గట్టి గుండ్రని పెంటికలు వేరు. ఫ్రాన్స్‌కు చెందిన పశువైద్యుడు మొరో ఈ విషయాన్ని 1882లోనే వివరించాడు. లోకం దాన్ని దాదాపు మరచిపోయింది. 1939లో మాడ్సెన్ ‘నేచర్’ పత్రికలో కుందేలు నెమరువేస్తుందా అన్న ప్రశ్నతో దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు.

దీన్ని బట్టి మూడు జాగ్రత్తలు తెలుస్తాయి. మొదటిది, కుందేలు వాంతి చేసుకోలేదు. కాబట్టి మనిషికీ కుక్కకీ చెప్పినట్టు ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు ఉంచకూడదు. పస్తు పెడితే పేగు కదలిక మందగిస్తుంది. రెండవది, కుట్లు కొరక్కుండా కుక్క మెడకు పెట్టే గరాటులాంటి పట్టీ కుందేలుకు మామూలుగా పెట్టరు. అది ఉంటే మెత్తని పెంటికలు నోటికి అందవు. మూడవది, మందుల సంగతి. 1929లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ ఉన్న ద్రవాన్ని కుందేలుకు సూదితో ఎక్కించి, హాని లేదని రాశాడు. కాని పెన్సిలిన్ జాతి మందులైన ఎమాక్సిసిలిన్, ఏంపిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు నశించి, విషం పుట్టించే క్లాస్ట్రీడియం పెరిగి కుందేలు చనిపోవచ్చు. ఒకే జాతి మందు, ఇచ్చే దారి మారితే ఫలితం మారింది. ఇంట్లో మిగిలిన మాత్రలు కుందేలుకు వేయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

మరో ఉదాహరణ. ఉమ్మెత్త కుటుంబానికి చెందిన బెల్లడోనా ఆకుల్లో ఎట్రొపీన్ అనే విషం ఉంటుంది. కొన్ని కుందేళ్ళు వాటిని తిన్నా చెక్కుచెదరవు. వాటి రక్తంలో ఆ విషాన్ని విరిచే ఎంజైమ్ ఉందని, అది వంశపారంపర్యంగా వస్తుందని 1943లో సావిన్, గ్లిక్ నిరూపించారు. అందుకే మత్తు సమయంలో ఎట్రొపీన్ ఇస్తే కొన్ని కుందేళ్ళలో ఆశించినంత పనిచేయదు. కుందేలు చిన్న కుక్కపిల్ల కాదు, దాని శరీర ధర్మమే వేరు.

ఖరగ్‌పూర్‌లో ఒక ఇంటికి

ఇప్పుడు ఈ జ్ఞానాన్ని ఒక ఇంటికి తీసుకువెళదాం. బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊళ్ళో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దగ్గర మీ ఇల్లు ఉందనుకోండి. ఒక పెంపుడు కుందేలును దత్తత తీసుకున్నారు. ఆపరేషన్ కోలకతాలో జరిగింది. హౌరా నుంచి ఖరగ్‌పూర్ సుమారు 115 కిలోమీటర్లు, రెండు గంటల దారి. పూర్తిగా తెలివి వచ్చి, కూర్చుని, కొంచెమైనా మేత నోట పెట్టిన తర్వాతే బయలుదేరడం మంచిది. గాలి ఆడే గట్టి పెట్టెలో పాత తువ్వాలు పరిచి, ఎండుగడ్డి పెట్టి తీసుకురండి.

ఒక మాట. పొలాల్లో దొరికే అడవి కుందేలును ఇలా తెచ్చుకోకూడదు. అది వేరే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది.

మత్తు దిగేటప్పుడు కుందేలు ఒంటి వేడి పడిపోతుంది. మొదటి గంటల్లో చలిగాలి తగలనివ్వకండి. కాని కుందేలుకు చెమట పట్టదు, చెవుల గుండానే చాలావరకు వేడి పోగొట్టుకుంటుంది. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవిలో రేకుల కప్పు కింద ఉంచితే అదే దానికి గండం. నీడగా, గాలి వచ్చే గది, నేల మీద మెత్తని బట్ట చాలు. లారీల మోత, కుక్కల అరుపు వినబడని మూల చూడండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, ఒంట్లో నొప్పి, మూడూ ఒకేసారి వచ్చాయి దానికి. చుట్టుపక్కల పిల్లలందరికీ చూపించే వేడుక వారం పది రోజులు వాయిదా వేయండి.

గడ్డి, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కడిగిన గరిక, కొత్తిమీర, పుదీనా నోటికి అందించి చూడండి. నీళ్ళు వెడల్పాటి గిన్నెలో పెడితే వంగి తాగడం సులువు. ఆపరేషన్ అయిన 12 గంటలకు కూడా ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా రేపు చూద్దాం అనుకోవద్దు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. పిచికారీతో మెత్తని ఆహారం పట్టాలా వద్దా అన్నది వారే చెప్పాలి. కుట్లను రోజుకు రెండుసార్లు చూడండి. వాపు, రక్తం, చీము, దుర్వాసన ఉంటే చూపించాలి. పసుపు, నూనె, లేపనాలు రాయకండి, స్నానం చేయించకండి. సుమారు పది రోజులు ఎత్తుల మీదికి ఎక్కి దూకనివ్వకండి. ఎత్తుకోవలసి వస్తే వెనుక కాళ్ళ కింద చెయ్యి ఆనించండి. గింజుకుని తన్నితే దాని వెన్నెముకే విరగవచ్చు.

నొప్పిని చదవడం

వేటాడే జంతువుల మధ్య బతికే ప్రాణి తన బాధను దాచుకుంటుంది. కుందేలు సాధారణంగా అరవదు, మూలగదు. అందువల్లే దానికి నొప్పి తక్కువని చాలాకాలం పొరబడ్డారు. 1959లో రసెల్, బర్చ్ ప్రయోగాల్లో జంతువుల బాధను తగ్గించే సూత్రాలు ప్రతిపాదించారు. 1960లో మన దేశంలో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. 2012లో పరిశోధకులు కుందేలు ముఖం చూసి నొప్పిని అంచనా వేసే కొలమానం తయారుచేశారు. అందులో చూసేవి అయిదు: కళ్ళు సగం మూసుకోవడం, బుగ్గలు లోపలికి పోవడం, ముక్కు ఆకారం మొనదేలడం, మీసాలు బిగుసుకోవడం, చెవులు ముడుచుకుని వెనక్కి వాలడం. వంచిన నడుముతో కదలకుండా కూర్చోవడం, పళ్ళు కొరకడం కూడా చూడండి. నొప్పి ఉంటే కుందేలు తినదు, తినకపోతే పేగు ఆగుతుంది, పేగు ఆగితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంపడానికే డాక్టరు నొప్పి మందు ఇస్తారు. మొదటిరోజు బాగానే ఉందని దాన్ని మధ్యలో మానకండి.

మీరు చేయవలసిన అభ్యాసం ఒకటి. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: సమయం, తిన్నది, పెంటికలు, ముఖం. మొదటి రెండు రోజులు మూడు నాలుగు గంటలకోసారి, తర్వాత కుట్లు మానేవరకు ఉదయం సాయంత్రం నింపండి. డాక్టరు దగ్గరికి వెళ్ళవలసి వస్తే మీరు చెప్పే మాటల కన్నా ఆ పేజీలు ఎక్కువ చెబుతాయి. 1889లో హైదరాబాదు కమిషన్ వారు ఊపిరి ఆగిన క్షణాన్ని జాగ్రత్తగా రాసుకున్నారు. మీ పుస్తకంలో మొదటి వరుస కుందేలు గరిక కొరికిన వేళ కావాలి.