కాన్పులో కటి కండరాల గాయాలు: ముప్పు ఎవరికి?

కాన్పులో బిడ్డ తల బయటపడే వేళ యోనికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం, కండరం కొంత చిరగడం తొలిచూలు తల్లులకు మామూలే. ఆ చిరుగు మలద్వారాన్ని బిగించి ఉంచే కండరాన్ని తాకితే మూడో స్థాయి గాయం, మలద్వారం లోపలి పొరనూ చీల్చితే నాలుగో స్థాయి. దక్షిణ లండన్‌లోని క్రాయిడన్‌లో పనిచేసిన డాక్టర్ అబ్దుల్ సుల్తాన్ రూపొందించిన ఈ వర్గీకరణనే బ్రిటన్ పాటిస్తోంది. ఈ గాయమైతే కొందరికి మలం, గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది. తల్లితో చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే బాధ ఇది.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ప్రసూతి నిపుణులు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల లెక్క ప్రకారం తొలి కాన్పుల్లో 6.1 శాతం, మలి కాన్పుల్లో 1.7 శాతం ఇలాంటి గాయాలవుతున్నాయి. బిడ్డ 4 కిలోలు దాటినా, భుజం ఇరుక్కున్నా, ముఖం పైకి ఉన్నా, బిడ్డను కిందికి నెట్టే దశ సాగిపోయినా ముప్పు పెరుగుతుంది. వీటన్నిటికన్నా పెద్దది ఫోర్సెప్స్, అంటే బిడ్డ తలను పట్టి లాగే పటకారు. యోని అంచున కోత పెట్టకుండా దాన్ని వాడితే ముప్పు 6 రెట్లు దాటుతుంది. కోత పెట్టి వాడితే చాలావరకు తగ్గుతుంది.

ఆ కోతలోనూ ఒక మెలిక ఉంది. తల కనిపించి చర్మం బాగా సాగిన క్షణంలో మధ్యగీతకు 60 డిగ్రీల వాలుగా కత్తెర వేయాలి. నిటారుకు దగ్గరగా వేస్తే కాపాడాల్సిన కండరం మీదికే కోత పోతుంది. కంటి అంచనా తప్పుతోందని గమనించి, మలద్వారం వైపు చూపే పుల్లను అమర్చిన కత్తెరలు కూడా తయారుచేశారు.

మనవాళ్లకు పట్టే అంశం మరొకటి. ఆ మార్గదర్శకాల్లో ఆసియా మూలాలున్న స్త్రీలకు ముప్పు రెట్టింపుకు పైనే అని ఉంది. చిత్రమేమంటే, ఆసియా దేశాల్లోనే కాన్పయ్యే స్త్రీలలో ఈ తేడా కనిపించదని పరిశోధనల సమీక్ష ఒకటి తేల్చింది. కాబట్టి నెపమంతా ఒంటి తీరు మీద వేయడం తొందరపాటే.

2000-2012 మధ్య ఇంగ్లండ్‌లో తొలి కాన్పుల్లో ఈ గాయాలు 1.8 నుంచి 5.9 శాతానికి చేరాయి. గాయాలు పెరగడం కన్నా, వేలితో పరీక్షించి పట్టుకోవడం పెరిగినందువల్లేనని పరిశోధకులు ఎక్కువగా భావించారు. 2017-18లో బ్రిటన్‌లోని 16 ప్రసూతి విభాగాల్లో ముందే తల్లికి వివరించడం, చిరిగే భాగానికి చేత్తో ఆనిక ఇచ్చి కాపాడటం, సరైన కోణంలో కోత, కాన్పు తర్వాత పరీక్ష అనే నాలుగింటినీ కలిపి అమలుచేశారు. గాయాలు 3.3 నుంచి 3.0 శాతానికి తగ్గాయి. తగ్గింది కొంచెమే.

2022లో కాన్పులో మూడో స్థాయి గాయమైన అప్పటి బ్రిటన్ ఎంపీ థియో క్లార్క్ మరుసటి ఏడాది పార్లమెంటులో ఆ సంగతి చెప్పారు. కాన్పులో తల్లులు పడే బాధలపై ఆమె ముందుండి నడిపిన విచారణ నివేదిక 2024 మేలో వచ్చింది. 1,300కు పైగా స్త్రీలు తమ అనుభవాలు రాసి పంపారు.

గాయం సరిగా కుట్టినవారిలో 60-80 శాతం మందికి ఏడాదికల్లా ఇబ్బందులుండవు. లక్షణాలు మిగిలితే, లేదా స్కానింగ్‌లో కండరం లోపం తేలితే, మరో కాన్పుకు సిజేరియన్‌ను ఎంచుకునే వీలు కల్పించాలని 2015 నాటి ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.