దారి తప్పిన సంశ్లేషణ, బిగుసుకుపోయిన మనుషులు

ఒకే ఒక్క రోగిని గురించిన నివేదికలకు వైద్య పత్రికలలో ఆదరణ తక్కువ. పోల్చి చూడటానికి మరొకరు లేరన్నది వాటిపై ఉన్న ఆక్షేపణ. అటువంటి నివేదిక ఒకటి నాడీవైద్య చరిత్రను మలుపు తిప్పిన వృత్తాంతమే విలియం లాంగ్‌స్టన్, జాన్ పాల్ఫ్రమన్ 1995లో వెలువరించిన ‘ది కేస్ ఆఫ్ ది ఫ్రోజెన్ ఎడిక్ట్స్’.

కథకు మూలం రసాయనశాస్త్రంలో ఉంది. పెథిడిన్‌ను పోలిన ఎం.పి.పి.పి. అనే నొప్పినివారిణి తయారీ విధానం 1947లోనే ప్రచురితమైంది. 1976లో అమెరికాలోని మేరీలాండ్‌కు చెందిన 23 ఏళ్ల రసాయనశాస్త్ర విద్యార్థి ఒకడు ఆ విధానాన్ని అనుసరించి, మత్తు కోసం దానిని సొంతంగా తయారు చేసుకొన్నాడు. కొన్ని నెలలు సజావుగా సాగింది. ఒకసారి తొందరపడి ప్రక్రియను కుదించాడు. ఈ సంశ్లేషణలో చివరి మెట్టు సున్నితమైనది. వేడి, ఆమ్లత్వం మితిమీరితే అణువు నుంచి ప్రొపియానిక్ ఆమ్లం విడిపోయి, వలయంలో ఒక ద్విబంధం ఏర్పడుతుంది. అలా పుట్టిన పదార్థమే ఎం.పి.టి.పి.

కొద్దిరోజులలోనే ఆ యువకుడి శరీరం బిగుసుకుపోయింది. తొలుత మనోవ్యాధి అనుకొన్నారు. లెవోడోపా ఇచ్చిన తరువాత కదలిక వచ్చింది. రెండేళ్లలోపే అతడు వేరొక మాదకద్రవ్యం వల్ల మరణించగా, శవపరీక్షలో డోపమీన్ కణాలు నశించినట్లు తేలింది. ఈ ఒక్క రోగి వివరాలు 1979లో, అప్పుడే ఆరంభమైన ‘సైకియాట్రీ రీసెర్చ్’ పత్రికలో వెలువడ్డాయి. ఎలుకలలో ఆ వ్యాధి నిలవకపోవడంతో విషయం అంతటితో ఆగింది.

1982లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో, కదలక మెదలక పడివున్న నలభై రెండేళ్ల వ్యక్తిని లాంగ్‌స్టన్ పరీక్షించాడు. అక్కడ కూడా మొదటి అనుమానం మనోవ్యాధి మీదనే. అయితే రోగి వేళ్లు కొద్దిగా కదలడం గమనించి చేతికి పెన్సిల్ అందిస్తే, మెల్లగా రాయసాగాడు. మనసు మేలుకొనే ఉంది, దేహమే మాట వినడం లేదు! వెతకగా మొత్తం ఆరుగురు బయటపడ్డారు. అందరూ కృత్రిమ హెరాయిన్ పేరుతో వీధిలో అమ్మిన పొడిని వాడినవారే. అప్పుడు 1979 నాటి వ్యాసం ఒక విషశాస్త్ర నిపుణురాలికి గుర్తుకు వచ్చింది. ఆ పొడిలో ఎం.పి.టి.పి. దొరికింది. 1983 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రిక ఈ ఫలితాలను ప్రకటించింది.

తరువాతి పరిశోధన అసలు గుట్టు విప్పింది. ఎం.పి.టి.పి. స్వయంగా విషం కాదు. మెదడులోని ఎం.ఏ.ఓ.-బి అనే ఎంజైము దానిని విషంగా మారుస్తుంది. డోపమీన్ కణాలు దానిని తమ డోపమీన్ అనుకొని లోపలికి తీసుకొంటాయి. అది వాటి మైటోకాండ్రియాలలో శక్తి ఉత్పత్తిని స్తంభింపజేస్తుంది. ఈ పదార్థంతో కోతులలో పార్కిన్సన్ లక్షణాలను కలిగించడం సాధ్యమైంది. అటువంటి కోతులలో సబ్‌థలామిక్ కేంద్రకాన్ని నిర్వీర్యం చేస్తే కదలిక మెరుగుపడుతుందని 1990లో మాలన్ డిలాంగ్ బృందం చూపింది. అదే స్థానంలో విద్యుత్ ప్రేరణనిచ్చే శస్త్రచికిత్స నేడు ఎందరికో ఊరటనిస్తోంది.

పుస్తకం ముగించాక మనసులో నిలిచేవి ఈ ఫలితాలు మాత్రమే కావు. ఆరుగురి దేహాలు చెల్లించిన మూల్యం మీద ఈ జ్ఞానం నిలబడింది. వారిలో ఇద్దరికి స్వీడన్‌లో పిండకణాల మార్పిడితో కొంత స్వస్థత చేకూరినా, పోయిన కణాలు తిరిగి రాలేదు. 1979లో ఎవరికీ అక్కరలేదనిపించిన ఆ కొద్ది పుటలే లేకుంటే ఆ పొడి గుట్టు ఎప్పటికి తేలేదో! అరుదైన రోగి ఎదురైనప్పుడు వైద్యుడు చేయగల పనులలో శ్రద్ధగా రాసిపెట్టడం ఒకటి. దానిని చదివి గుర్తుంచుకొనేవారు మరొక ఊరిలో, మరొక సంవత్సరంలో ఉండవచ్చు.