ఓటరు మనసులోని మాట – అడిగేదెవరు? చెప్పేదెప్పుడు?



2024 వేసవిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల ముచ్చట ఒకటి చెప్పి ప్రసంగంలోకి వస్తాను. మా మేనత్తగారిది కృష్ణగిరి. ఆవిడ ఏప్రిల్ 19న ఓటు వేశారు. మాది కోలారు జిల్లా, మా వంతు ఏప్రిల్ 26న వచ్చింది. మా చెల్లెల్ని కుప్పంలో ఇచ్చాం. వాళ్లు మే 13న వేశారు. ఆ నెల చివర్లో ఒక పెళ్లిలో అందరం కలిసినప్పుడు చూస్తే, అత్త వేలిమీద సిరా గోరుతోపాటు పైకి జరిగిపోయింది, నాది మాసింది, చెల్లెలిది నిగనిగలాడుతోంది. ఒకే ఇంటి ముగ్గురం, ఒకే లోక్‌సభకు మూడు తేదీలలో ఓటు వేసిన వాళ్లం. యానాం సంగతి ఇంకా చిత్రం. చుట్టూ ఉన్న గోదావరి ఊళ్లు మే 13న ఓటు వేస్తే, యానాం మాత్రం పుదుచ్చేరితోపాటు ఏప్రిల్ 19నే వేసి కూర్చుంది.

మూడిళ్లలోనూ చూసేది అవే తెలుగు ఛానెళ్లు. అత్త ఓటు వేసిన రాత్రే ఆ ఛానెళ్లు "తమిళనాడులో గాలి ఇటు వీచింది" అని లెక్కలు చూపించి ఉంటే, ఇంకా ఓటు వేయని మా చెల్లెలి మనసు మీద ఆ మాట పనిచేసేదా, లేదా? అరవై ఏళ్ల పైబడిన మన అభిప్రాయ సేకరణల చరిత్రలో ఎన్నికల సంఘం, న్యాయస్థానం, పార్లమెంటు, పత్రికలు తలలు పట్టుకున్నది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే.

ఈ విద్య మొదట పేరు తెచ్చుకున్నది అమెరికాలో. 1936లో అక్కడ అధ్యక్ష పదవికి రూజ్‌వెల్ట్, లాండన్ పోటీపడ్డారు. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కబెట్టి లాండన్‌దే గెలుపని ప్రకటించింది. ఫలితాలలో లాండన్‌కు దక్కినవి రెండే రెండు రాష్ట్రాలు! జార్జ్ గాలప్ అనే ఆయన అంతకంటే ఎంతో తక్కువమందిని అడిగి రూజ్‌వెల్ట్ గెలుస్తాడని ముందే చెప్పాడు. తేడా ఎక్కడుంది? పత్రిక కార్డులు పంపిన చిరునామాలు టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసినవి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడు ఒక తరగతి మనిషి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు మన ఆడవాళ్లు. నిజమే. కానీ వంటావిడ ముందు గరిటెతో అడుగు నుంచి కలియబెడుతుంది. పత్రికవారు పైపైన ఉన్న మెతుకులు మాత్రమే పట్టి చూశారు. అలాగని గాలప్ కూడా ఎల్లకాలం నెగ్గలేదు. 1948లో ఎన్నికలకు ముందు చివరి వారాలలో అడగడం మానేసి, ట్రూమన్ ఓడిపోతాడని చెప్పి తానే నవ్వులపాలయ్యాడు.

మన దేశంలో ఈ పనికి ఆద్యుడు ఎరిక్ డ కోస్టా. 1950లలో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ అనే సంస్థను నడిపాడు. 1963లో రజనీ కొఠారీ పూనికతో సి.ఎస్.డి.ఎస్. అనే అధ్యయన కేంద్రం ఏర్పడింది. 1967 నుంచి జాతీయ ఎన్నికల అధ్యయనాలు చేపట్టింది. ఇక్కడ చిన్న ముచ్చట. అదే 1967 జనవరిలో గోవాలో 'ఒపీనియన్ పోల్' జరిగింది. పేరు అదే కాని అది సర్వే కాదు. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలా అని జనం ఓటు వేసి తేల్చుకున్న ప్రజాభిప్రాయ నిర్ణయం. సరిహద్దులలో బతికే మనకు ఆ రెండింటికీ ఉన్న తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

1980లలో డేవిడ్ బట్లర్, అశోక్ లాహిరి, ప్రణయ్ రాయ్ కలిసి పాత ఎన్నికల అంకెలన్నీ పోగుచేశారు. ప్రతిపక్షాల ఓట్లు ఎంతగా చీలాయో కొలిచే 'ప్రతిపక్ష ఐక్యతా సూచిక'ను ప్రచారంలోకి తెచ్చారు. పత్రికల ముఖచిత్రాల మీద సీట్ల జోస్యం కనబడడం అప్పుడే మొదలైంది. ఓట్ల శాతం చెప్పడం ఒక ఎత్తు, దాన్ని సీట్లుగా మార్చడం ఇంకొక ఎత్తు. మన దేశంలో సర్వేలు ఎక్కువగా తడబడేది ఈ రెండో మెట్టు మీదనే.

అసలు మొదటి మెట్టే కష్టం. మా ఊళ్లో ఒక ఎన్నికలప్పుడు కాగితాల పలకా పెన్నూ పట్టుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. కన్నడంలో అడుగుతున్నాడు. మా పక్కింటి అవ్వకు కన్నడం అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులోనే వస్తుంది. నన్ను పిలిచి మధ్యవర్తిని చేశారు. ఏ పార్టీకి వేస్తారని నేను తెలుగులో అడిగాను. అవ్వ నన్నూ, ఆ కాగితాన్నీ, వీధి అరుగు మీద కూర్చున్న నలుగురినీ మార్చి మార్చి చూసి, "ఎవురికో ఒకరికి ఏస్తాంలే నాయనా, ఆయప్పకు ఏది కావాలో అదే రాసుకోమను" అంది. కుర్రవాడు ఏదో గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గడి ఏదో నేను చూశాను. అవ్వ చెప్పని జవాబు అది.

ఈ చిక్కు తెలిసినవాళ్లు కాబట్టే సి.ఎస్.డి.ఎస్. వారు ఒక ఉపాయం పాటించారు. నమూనా ఓటు కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి, మడిచి, తాము తెచ్చిన డమ్మీ పెట్టెలో వేయమంటారు. అడిగినవాడికి కూడా ఆ ఇంటి గుమ్మంలో సమాధానం తెలియదు. అవ్వ దగ్గరికి అటువంటి పెట్టె వచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక కట్టడి చేయడం మాటకు వద్దాం. 1996లో చట్టాన్ని సవరించి, ఓటింగు ముగిసే వేళకు ముందు 48 గంటలపాటు ఆ నియోజకవర్గంలో టెలివిజన్ వంటి సాధనాల ద్వారా ఎన్నికల విషయం ప్రదర్శించరాదన్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ అది. అదే ఏడాది ప్రెస్ కౌన్సిల్ పత్రికలకు సూచనలు చేసింది. సర్వే వేస్తే ఎవరు చేశారో, ఎంతమందిని ఎలా ఎంచుకుని అడిగారో, పొరపాటు ఎంత ఉండవచ్చో కూడా వేయాలని చెప్పింది. మంచి మాటే, కాని సూచన సూచనే కదా.

1998 జనవరిలో ఎన్నికల సంఘం గట్టిగా అడుగు వేసింది. రాజ్యాంగం 324వ అధికరణం తనకిచ్చిన అధికారంతో, పోలింగు రోజులలో ఒపీనియన్ పోళ్లు, ఎగ్జిట్ పోళ్లు ప్రకటించరాదని మార్గదర్శకాలు జారీచేసింది. అప్పుడు ప్రధాన కమిషనర్ ఎం.ఎస్. గిల్. పత్రికలు భావప్రకటన స్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కాయి. 1999 ఎన్నికలలో సంఘం మళ్లీ అదే ఆంక్ష పెట్టింది, కొన్ని పత్రికలు లెక్కచేయలేదు. ఆ సెప్టెంబరులో విషయం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వెళ్లింది. చట్టం లేకుండా, శిక్ష లేకుండా ఈ మార్గదర్శకాలను ఎలా అమలు చేస్తారన్నది అక్కడ ఎదురైన ప్రశ్న. సంఘం వాటిని వెనక్కి తీసుకుంది. ఓడినట్టు కనిపించినా, అది సరైన దారి చూపిన ఓటమి అని నా అభిప్రాయం. నోరు మూయించాలంటే ప్రజల ప్రతినిధులు చర్చించి చట్టం చేయాలి తప్ప, ఒక కార్యాలయం కాగితం చాలదు.

చట్టం అవసరం 2004లో బాగా తెలిసివచ్చింది. ఆ ఎన్నికలు నాలుగు విడతలుగా, ఏప్రిల్ 20 నుంచి మే 10 దాకా సాగాయి. ఒక్కొక్క విడత ముగిసిన సాయంత్రమే ఛానెళ్లు ఎగ్జిట్ పోల్ చూపించాయి. మిగిలిన విడతల ఓటర్లు అవి చూస్తూ తమ వంతు కోసం ఎదురుచూశారు. అంత చేసి ఫలితం దగ్గర తప్పాయి కూడా. ఎన్డీయేయే ముందుంటుందన్న అంచనాలు తారుమారై కాంగ్రెసుకు 145, భాజపాకు 138 సీట్లు వచ్చాయి.

2009లో పార్లమెంటు 126-ఏ అనే సెక్షన్ చేర్చింది. 2010 ఫిబ్రవరి 1 నుంచి అది అమలులో ఉంది. మొదటి విడత పోలింగు మొదలైన గంట నుంచి, అన్ని రాష్ట్రాలలో చివరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ నిర్వహించి ప్రకటించడం నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2017లో ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికల మధ్యలో ఒక హిందీ పత్రిక వెబ్‌సైట్‌లో అంకెలు వెలువడితే, ఆ సైట్ సంపాదకుణ్ణి అరెస్టు కూడా చేశారు. కాబట్టి ఈ సెక్షన్ అలంకారానికి పెట్టినది కాదు.

అయితే ఒపీనియన్ పోల్ సంగతి సగంలోనే ఆగింది. దానికి ఉన్నది 48 గంటల నిషేధమే. ఆ సెక్షన్ మాటలలో టెలివిజన్ ఉంది కాని దినపత్రిక లేదు. 2014 ఫిబ్రవరిలో ఒక ఛానెల్ రహస్య కెమెరాతో కొన్ని సర్వే సంస్థల దగ్గరికి వెళ్లి, డబ్బిస్తే అంకెలు అటూ ఇటూ చేస్తామన్నట్టు మాట్లాడారని ఆరోపించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో పత్రికలనూ 48 గంటల నియమంలోకి తేవాలనీ, సర్వే ఎలా చేశారో తప్పనిసరిగా బయటపెట్టాలనీ చెప్పింది. నా ఓటు ఈ రెండో మాటకే. సర్వేను నిషేధించడం కంటే, దాని వంటింటి తలుపు తెరిపించడం మేలు.

పోతే, ఎంత చట్టం ఉన్నా తప్పు చెప్పకుండా ఆపలేదు. సర్వేల జోస్యాలకు మన తెలుగునాట బాగా పేరుపడ్డ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో కాంగ్రెసు కూటమికి మొగ్గు అన్నారు. తెరాసకు 119లో 88 వచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానిదే అధికారమన్నారు. వైకాపాకు 175లో 151 వచ్చాయి. ఆ తరువాత సర్వేలకు దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. 2024 జూన్ 1 సాయంత్రం చాలా సంస్థలు ఎన్డీయేకు 350కి పైగా ఇచ్చాయి, ఒకటి రెండు 400 దాకా వెళ్లాయి. తరువాతి సోమవారం సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా లేచింది. మంగళవారం లెక్కింపులో ఎన్డీయేకు 293 అని తేలుతుంటే 4,300 పాయింట్లకు పైగా కూలింది. ఓటర్లు అప్పటికి ఓటు వేసేశారు కనుక చట్టం వాళ్లను కాపాడింది. ఆ రెండు రోజులలో షేర్లు కొన్నవారి సంగతి ఆ చట్టం పరిధిలో లేదు.

మన సరిహద్దులకు ఒక చిక్కు మిగిలే ఉంది. 2024లో కోలారులో ఏప్రిల్ 24 సాయంత్రం ప్రచారం ఆగింది. కాని మా ఇంటి టీవీలో ఆంధ్ర, తెలంగాణ ప్రచారం హోరుమంటూనే ఉంది, వాళ్ల పోలింగు మే 13 కదా మరి. గాలిలో వచ్చే మాటకు చెక్‌పోస్టు లేదు.

ఆ జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాటగానే ఛానెళ్లన్నీ ఒక్కసారిగా అంకెలు మొదలుపెట్టాయి. కాసేపటికి కృష్ణగిరి నుంచి అత్త ఫోను చేసింది. "ఒరేయ్, నేను ఓటేసి నెలన్నర కావస్తోంది. నన్ను ఎవరూ అడగనేలేదు. మీ వీధిలో ఎవరినైనా అడిగారా?" అంది. మా వీధిలోనూ ఎవరినీ అడగలేదని చెప్పాను. "మరి వీళ్లకు ఎవరు చెప్పార్రా?" అంది. మెతుకు సంగతి వివరంగా చెప్పాను. అంతా విని, "మా కుండలో చెయ్యి పెట్టలేదుగా" అని ఫోను పెట్టేసింది.